అక్క రక్తం

రత్నమాల పెళ్ళయి కొత్తపేట వచ్చిన కొత్తల్లోనే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక సంగతి పట్టేశారు. ఆ పిల్ల మిషను మీద జాకెట్లు బాగా కుడుతుంది. మాట నెమ్మది. ఎవరింటికి వెళ్ళినా ఊరికే కూర్చోదు, చేతికి ఏదో పని అందుకుంటుంది. కానీ చంటిపిల్లల్ని ఎత్తుకోదు. ఎవరైనా బిడ్డని చేతికివ్వబోతే కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు వంగిపోతుంది. గౌను కుట్టమని పిల్లని వెంటబెట్టుకొస్తే టేపు తియ్యదు. "పాత గౌను ఒకటి ఆదికి పంపండి, చాలు" అంటుంది. ఈవిడకి పిల్లలంటే కిట్టదు కాబోలు అనుకున్నారు.

కిట్టక కాదు. ఆమెకి తన ఒంట్లో తిరిగే రక్తమంటే భయం.

రత్నమాలది మురమళ్ళ. తండ్రి వీరవెంకటరమణకి గోదావరి పాయ పక్కన చిన్న కొబ్బరి తోట ఉండేది. ఊళ్ళో అందరూ రమణ అనేవారు. తల్లి బుజ్జమ్మ ఆయనకి సొంత అక్క కూతురే. రత్నమాల పుట్టిన ఐదేళ్ళకి మగపిల్లవాడు పుడితే ఊరి దేవుడి పేరే పెట్టుకున్నారు, వీరేశ్వరరావని. పిలవడానికి వీరేశు.

వీరేశు ఏడాది నిండకముందే సున్నం కొట్టిన గోడలా పాలిపోయాడు. పొట్ట మాత్రం ఉబ్బెత్తుగా ముందుకొచ్చింది. కాకినాడ తీసుకెళ్తే తలసేమియా అన్నారు. ఒంట్లో రక్తం పుడుతుంది గానీ నిలబడదు, నెలనెలా పైనుంచి ఎక్కించాలి అన్నారు. తల్లిలోనూ తండ్రిలోనూ ఆ జబ్బు సగం సగం దాగి ఉందట, రెండు సగాలూ పిల్లవాడిలో కలిశాయట. ఆ మాట విన్నప్పటినుంచీ బుజ్జమ్మ తన మేనరికాన్ని తలుచుకుని ఏడవని రోజు లేదు.

అప్పటికి వంతెన లేదు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, యానాంలో బస్సు పట్టుకోవాలి. నెలకోసారి ఆ ప్రయాణం. సెలవు రోజైతే రత్నమాలా వెళ్ళేది. పొద్దున్న వెళ్ళేటప్పుడు తల్లి భుజం మీద వాడిపోయిన తోటకూర కాడలా వేలాడే తమ్ముడు, మర్నాడు తిరుగు ప్రయాణంలో బుగ్గలు ఎర్రబడి, పంటు మీద మేకల్ని అదిలిస్తూ తిరిగేవాడు. ఊరెళ్ళి తమ్ముడికి రంగు వేయించుకొస్తున్నారని చిన్నప్పుడు అనుకునేది ఆ పిల్ల.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. రమణ తోటలో నిలబడ్డ చెట్లకన్నా పడ్డ చెట్లే ఎక్కువ. రోడ్లు తెగిపోయాయి, పంటు ఆగిపోయింది. ఆ నెల వీరేశుకి రక్తం అందలేదు. చుట్టూ పశువుల కళేబరాల వాసన, ఇంట్లో మంచం మీద కదలకుండా పడుకున్న పిల్లవాడు. రమణ వాడి వేళ్ళు తిప్పి తిప్పి గోళ్ళు చూసుకునేవాడు, ఇంకా ఏమన్నా ఎరుపు మిగిలిందా అని. ఎలాగో పడవ దొరికి కాకినాడ చేరేసరికి డాక్టరుగారు తిట్టి, ఎక్కించి, ఆనక మెల్లగా చెప్పారు. "ఎంతకాలమని ఇలా తిప్పుతారు? ఎక్కించే రక్తంలోని ఇనుమే చివరికి గుండెని తినేస్తుంది. వేలూరులో మూలుగ మారుస్తున్నారు. తోడబుట్టిన పిల్లది కలిస్తే అదృష్టమే."

తుఫాను మిగిల్చిన తోటని రమణ ఆ వేసవిలో అమ్మేశాడు. ఆ సంగతి తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

వేలూరులో రత్నమాల రక్తం చూసి, కలిసిందన్నారు. పెద్ద డాక్టరమ్మ తమిళావిడ, సరిహద్దు ఊరావిడ కావడంతో తెలుగు బాగానే వచ్చు. రత్నమాలని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెద్దవాళ్ళని అడిగినట్టే అడిగింది.

"నీకు మత్తిచ్చి తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తాం. నాలుగు రోజులు నొప్పిగా ఉంటుంది. నీకిష్టమైతేనే. ఇష్టమేనా?"

"ఆయ్," అంది రత్నమాల.

డాక్టరమ్మ గాభరాపడి లేచింది. "ఏమైందమ్మా? ఎక్కడ నొప్పి?"

రమణ చేతులు కట్టుకుని, "నొప్పి కాదండి బాబూ. సరేనండి అని చెప్తందండి. మా వైపు అలాగే అంటామండి," అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది, నర్సులు నవ్వారు. చాలా నెలల తరవాత బుజ్జమ్మ కూడా నవ్వింది.

మూలుగ అంటే ఏదో పెద్ద ఆపరేషను చేసి పెడతారనుకుంది రత్నమాల. అదేం లేదు. తన ఒంట్లోంచి తీసినదాన్ని ఒక సంచిలో పోసి, మామూలు రక్తంలాగే తమ్ముడి నరంలోకి వదిలారు. అంతకుముందే మందులతో వాడి పాత మూలుగనంతా చంపేశారు. జుట్టు ఊడి, పెదాలు పగిలి, అద్దాల గదిలో ఒక్కడే కూర్చుని ఉండేవాడు. రత్నమాల కుంటుకుంటూ వచ్చి అద్దం ఇవతల నిలబడేది. వాడు లోపలినుంచి నాలుక చాపి వెక్కిరించేవాడు.

మూలుగ నాటుకుంది. డాక్టరమ్మ రత్నమాల భుజం మీద చెయ్యేసి చెప్పింది. "ఇకమీదట నీ తమ్ముడి ఒంట్లో పుట్టే ప్రతి చుక్కా నీదే. వాడి రక్తం గ్రూపు కూడా మారిపోతుంది. ముందు వేరే ఉండేది, ఇక నీదే వాడిది."

ఊరు తిరిగొచ్చాక ఏడాదిపాటు ఆ ఇల్లు తిరనాళ్ళలా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వీరేశు బుగ్గలు పుణికి, ఆ తరవాత రత్నమాల వైపు తిరిగి, "ప్రాణం పోసేవే తల్లీ," అనేవారు. వీరేశు బడికి వెళ్ళాడు, పరిగెత్తాడు, గోడలెక్కాడు, పడ్డాడు. ఒకసారి మోకాలు కొట్టుకుని రక్తం కారుతుంటే బుజ్జమ్మ పసుపు కోసం లోపలికి పరిగెత్తింది. రత్నమాల మాత్రం ఆ రక్తాన్ని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నాదే, అనుకుంది. ఆ రోజు ఆ పిల్లకి కలిగిన గర్వం మళ్ళీ జన్మలో కలగలేదు.

రెండో ఏడు వీరేశుకి నోట్లో పుళ్ళు లేచాయి. ఒంటి మీద నల్లటి మచ్చలు వచ్చాయి. కళ్ళు ఎండిపోయి మండేవి. కొత్త మూలుగ పెట్టించుకున్నవాళ్ళకి ఇలా అవుతుంటుందని వేలూరులో మాత్రలిచ్చారు, తగ్గినట్టే తగ్గింది. ఆ కార్తీకంలో దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. సిరప్పులకి లొంగలేదు. మిరియాల కషాయానికి లొంగలేదు. బడికి పరిగెత్తే పిల్లవాడు నడవడం మొదలుపెట్టాడు. నడిచేవాడు మధ్యలో కాలవ వంతెన గోడ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కాలవలో చేపలు చూస్తున్నానని చెప్పేవాడు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. గాలి బయటికి పోయేటప్పుడు ఎక్కడో లోపల పిల్లిపిల్ల చిక్కుకుని అరుస్తున్నట్టు ఉండేది. ఊళ్ళో డాక్టరు ఉబ్బసమన్నాడు. ఉబ్బసం మందులు వేస్తే కూత తగ్గలేదు.

మళ్ళీ వేలూరు. ఒక గొట్టం నోట్లో పెట్టి, ఒక మనిషి పక్కనే నిలబడి "ఊదు ఊదు ఊదు ఊదు" అని అరుస్తుంటే వీరేశు కళ్ళు తేలేసి ఊదాడు. ఎన్నిసార్లు ఊదినా కాగితం మీద గీత లేవాల్సినంత లేవలేదు. డాక్టరమ్మ తెల్ల కాగితం తీసుకుని ఒక చెట్టుని తలకిందులుగా గీసింది.

"ఊపిరితిత్తి ఇలా ఉంటుంది. మొదలు, కొమ్మలు, రెమ్మలు. ఈ చిట్టచివరి సన్న గొట్టాలున్నాయే, అవి లోపల పుండు పడి, మచ్చ కట్టి మూసుకుపోతున్నాయి. గాలి లోపలికి వెళ్తుంది, బయటికి రావడానికి దారి లేదు."

"ఎందువల్లండి?" అన్నాడు రమణ.

డాక్టరమ్మ గీసిన కాగితం మడిచింది. రత్నమాల వైపు చూసి, "నువ్వు కాసేపు బయట కూర్చుంటావా అమ్మా?" అంది. రత్నమాల లేచింది. కానీ తలుపు పూర్తిగా పడలేదు.

"కొత్త కణాలు," అంటోంది డాక్టరమ్మ లోపల. "అక్క నుంచి వచ్చిన కణాలు. అవి ఆ పిల్లవాడి ఊపిరితిత్తుల్ని తమవి అనుకోవడం లేదు. పరాయివనుకుని కొడుతున్నాయి. మందులతో అణుస్తాం. మూసుకుపోయినవి మళ్ళీ తెరుచుకోవు. మిగిలినవి కాపాడుకోవాలి."

బయట బెంచీ మీద వీరేశు కాళ్ళాడిస్తూ కూర్చున్నాడు. రత్నమాల వెళ్ళి వాడి పక్కన కూర్చోబోయి, ఆగి, కొంచెం ఎడంగా కూర్చుంది.

ఇంటికొచ్చాక బుజ్జమ్మ కట్టెల పొయ్యి తీసి అవతల పారేసింది. కొబ్బరి మట్టల పొగ పడకూడదని గ్యాసు పెట్టించారు. పక్కనున్న కొబ్బరి పీచు ఆరబోసే కళ్ళం దుమ్ము ఇటు రాకుండా రమణ గోనెపట్టాలు తడిపి కట్టేవాడు. పిల్లవాడిని జనంలోకి పంపొద్దన్నారని బడి మాన్పించారు. మాత్రలకి మొహం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి.

దూరపు చుట్టం అప్పలస్వామి ఒకరోజు అరుగు మీద కూర్చుని, ఎవరితోనో, "అక్క రక్తం పడలేదంటండి పాపం," అన్నాడు. చెడ్డ మనసుతో కాదు. పిల్లకి నీళ్ళు పడలేదు, పప్పు పడలేదు అన్నట్టే అన్నాడు. ఇంట్లో మిషను దగ్గర కూర్చుని కుట్టు నేర్చుకుంటున్న రత్నమాల కాలు ఆగిపోయింది.

అప్పటినుంచి ఆమె తమ్ముడిని ముట్టుకోవడం మానేసింది. అన్నం కలిపి పళ్ళెం అందించేది గానీ ముద్ద పెట్టేది కాదు. రాత్రిళ్ళు గోడ అవతల కూత వినిపిస్తుంటే తన మణికట్టు మీద వేలు పెట్టుకుని నాడి చూసుకునేది. ఇక్కడ కొట్టుకుంటున్నదీ అక్కడ వాడి ఛాతీలో దారులు మూసేస్తున్నదీ ఒకటే. ఇది తన మాట వినదా? నిద్రలో కూడా అది పని చేస్తూనే ఉంటుందా? పద్నాలుగేళ్ళ పిల్ల ఎవరినడుగుతుంది.

వీరేశు ఇదంతా కనిపెట్టాడు. మంచం పట్టిన పిల్లలకి కళ్ళు ఎక్కువ. ఒకరోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆయాసపడుతూనే అనేశాడు.

"అక్కా, నాకు తెలుసులే. నాన్న అమ్మతో చెప్తంటే విన్నాను."

"ఏంటి విన్నావు?"

"నీ రక్తం నన్ను కరుస్తందంట."

రత్నమాల మొహం గోడకి తిప్పుకుంది. వాడు తన ఛాతీ మీద వేళ్ళతో తట్టి, లోపలున్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టు, "ఒసేయ్ రత్నమాలా, కాస్తాగవే. ఊపిరి తీసుకోనీ," అన్నాడు. అని నవ్వబోయి దగ్గులో పడిపోయాడు. నవ్వించడానికే అన్నాడు వాడు. కానీ తన పేరు తమ్ముడి ఛాతీలోంచి పలికినట్టు వినిపించింది ఆమెకి. ఆ తరవాత వాడికది అలవాటయింది. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా గుండె మీద తట్టుకుని, "రత్నమాలా, నెమ్మదే," అనుకునేవాడు.

ఇంటి దగ్గర ఊపిరి చూసుకోవడానికి డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. అగ్గిపుల్ల వెలిగించి మొహానికి జానెడు దూరంలో పట్టుకోవాలి. పెదాలు సున్నాలా చుట్టకుండా, నోరు బాగా తెరిచి ఊది ఆర్పాలి. ఆర్పగలిగినన్నాళ్ళూ ఫరవాలేదు, ఆర్పలేకపోతే తీసుకురండి అంది. రోజూ పొద్దున్న పనికి వెళ్ళబోయే ముందు రమణ అగ్గిపుల్ల గీసేవాడు. తోట పోయాక ఆయన ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర కాయల దింపు చూసే పనిలో కుదిరాడు. పుల్ల ఆరితే, ఆయన మొహం తేటపడేది, సైకిలెక్కేవాడు. ఆరక వేళ్ళ దాకా కాలిన రోజు, వేలూరు ప్రయాణం. అలా రెండుసార్లు వెళ్ళొచ్చారు. మందులు పెంచారు, మార్చారు. మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మే చెప్పింది, ఇక ఇంత దూరం తిప్పి పిల్లవాడిని అలిసిపోనివ్వొద్దని.

ఆ తరవాత కూడా రమణ పుల్ల గీయడం మానలేదు. ఇక ఎక్కడికీ తీసుకెళ్ళేది లేకపోయినా, చూడకుండా ఉండలేకపోయాడు. ఒక పొద్దున్న వీరేశు నోరు తెరిచి ఊదుతుంటే మంట చెక్కుచెదరలేదు. వెనక నిలబడ్డ రత్నమాల తమ్ముడి భుజం మీదుగా వంగి నెమ్మదిగా ఊదింది. పుల్ల ఆరిపోయింది. రమణ ఆరిన పుల్లని చూశాడు, కూతుర్ని చూశాడు. "బాగానే ఆర్పేడు," అని సైకిలు తీశాడు. మర్నాడూ అంతే. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. నలుగురికీ తెలుసు.

రెండువేల ఒకటి శ్రావణంలో ముసురు పట్టింది. వీరేశుకి పడిశం వచ్చింది. మామూలు పిల్లలకైతే ముక్కు చీదుకుని పోయే పడిశం. మూడో రోజుకి పెదాలు నీలం తిరిగాయి. రమణ కారు మాట్లాడి తెచ్చాడు. కారుని పంటు మీదికెక్కించి బయల్దేరారు. గోదావరి మీద అప్పుడు వంతెన కడుతున్నారు. నీళ్ళలో స్తంభాలు లేచి ఉన్నాయి, వాటి మీద ఇంకా దారి లేదు. వరద నీరు ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది, పంటు నెమ్మదిగా పోతోంది. కాస్త తొందరగా పోనివ్వమని పంటు నడిపే సరంగుని బతిమాలుకోవడానికి రమణ ముందుకి వెళ్ళాడు. బుజ్జమ్మ కారు పక్కన నిలబడి రెండు చేతులూ జోడించి మురమళ్ళ వైపు తిరిగి మొక్కుకుంటోంది.

కారు వెనక సీటులో అక్కా తమ్ముడూ ఉన్నారు. వీరేశు కూర్చోలేకపోతున్నాడు, పడుకోలేకపోతున్నాడు.

"అక్కా, పట్టుకో," అన్నాడు.

రత్నమాల కదల్లేదు.

"పట్టుకోవే. ఏం కాదు."

ఆమె దగ్గరికి జరిగి, వాడి వీపుని తన గుండెకి ఆనించుకుని, రెండు చేతులూ చుట్టూ వేసింది. రెండేళ్ళ తరవాత ముట్టుకుంది తమ్ముడిని. ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది. పిల్లికూత ఆమె ఛాతీలోకే వినిపిస్తోంది, తనలోంచే వస్తున్నట్టు. అలా కొంతసేపు వినిపించింది. ఆ తరవాత కూత తగ్గింది. నెమ్మదించాడు అనుకుంది. యానాం ఒడ్డు కనబడుతుంటే రమణ పరుగున వచ్చి కారు తలుపు తీశాడు.

నెమ్మదించడం కాదది.

ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. తాను ముట్టుకుంది, వాడు పోయాడు. ఈ రెండు మాటల మధ్యా ఇంకేమీ పెట్టుకోలేకపోయింది రత్నమాల. ఇంటర్ రెండో ఏడు మానేసింది. మిషను మీద కూర్చుంది. చక్రం తిరిగినంతసేపూ ఏమీ వినబడేది కాదు, ఆగితే పిల్లికూత మొదలయ్యేది. కిటికీ రెక్క గాలికి కిర్రుమన్నా, చెరువు గట్టు మీద ఎవరో పిల్లవాడు తాటాకు బూర ఊదినా, ఊపిరి బిగబట్టి వినేది. ఒక్కోసారి ఏ చప్పుడూ లేకుండానే వినబడేది, సన్నగా, గోడ అవతలినుంచి. వినబడుతున్నందుకు భయం వేసేది కాదు. ఆగిపోతుందేమో అని భయం వేసేది.

పెళ్ళి సంబంధాలు చూసే వేళకి బుజ్జమ్మ ఒక్కటే పట్టు పట్టింది, చుట్టరికాల్లో ఇవ్వనని. కొత్తపేటలో బస్టాండు దగ్గర ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే శివప్రసాద్ ఏ విధంగానూ బంధువు కాడు. రెండువేల ఆరులో పెళ్ళి చేశారు. నెమ్మదస్తుడు. భార్య పిల్లల్ని ఎత్తుకోకపోవడం అతనూ చూశాడు, అడగలేదు.

రెండేళ్ళకి రత్నమాల నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. తిండి తగ్గించేసింది, నిద్ర పోయేది కాదు. అతనే గ్రహించి సంతోషంగా అడిగితే, గోడ వైపు చూస్తూ, "ఇది వద్దండి," అంది.

"వద్దంటే?"

"ఉంచుకోవద్దండి. నా రక్తం మంచిది కాదండి. నా అనుకున్నవాళ్ళని గుర్తుపట్టదండి అది."

ఆ రోజు కొట్టు తెరవలేదు శివప్రసాద్. మొదటినుంచి చివరిదాకా చెప్పించుకున్నాడు. ఆ కథ ఆమె నోటితో చెప్పడం అదే మొదలు. అగ్గిపుల్లల దగ్గర బాగానే చెప్పింది, పంటు దగ్గరకొచ్చేసరికి లేచి వెళ్ళి మిషను మీద గుడ్డ కప్పి వచ్చి మిగతాది చెప్పింది.

"నాకు తెలీదు రత్నం," అన్నాడు చివరికి. "అలా అవదని నేనంటే నువ్వు నమ్మవు, నాకూ తెలిసి అన్నట్టు కాదు. తెలిసినావిడ ఉందన్నావు కదా. వెళ్ళి అడుగుదాం."

రాజమండ్రిలో రైలెక్కి, వేలూరు పక్కన కాట్పాడిలో దిగారు. పెద్ద డాక్టరమ్మకి జుట్టు తెల్లబడిపోయింది. పేరు చెబితే గుర్తురాలేదు గానీ, మురమళ్ళ అనగానే కుర్చీలోంచి ముందుకి వంగింది.

"వీరేశ్వరరావు. నువ్వు వాడి అక్కవి."

రత్నమాల అడగాలనుకున్నవన్నీ మర్చిపోయింది. ఒక్కటే వచ్చింది. "నా రక్తమే కదండి చంపింది?"

కాదని చెబుతుందనుకున్నాడు శివప్రసాద్. డాక్టరమ్మ కాదనలేదు.

"ఆ కణాలు నీలోంచి వచ్చినవే. నిజమే. కొత్త ఊళ్ళో కాపలాకి పెట్టిన మనుషుల్లాంటివి అవి. దొంగల్ని పట్టమని పంపాం, ఇంటివాళ్ళని గుర్తుపట్టలేకపోయాయి. వాటికి వాడి మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. అవి నువ్వు కాదమ్మా. వాటిని అక్కడ పెట్టింది నేను." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పెట్టకపోతే వాడింకెన్నాళ్ళు బతికేవాడో నాకు తెలీదు. రక్తం ఎక్కించుకుంటూ ఇంకో ఐదేళ్ళో పదేళ్ళో ఉండేవాడేమో. ఆ ఏడాది నేను మూలుగ మార్చిన పిల్లల్లో కొంతమంది కాలేజీలకి వెళ్తున్నారు, పండక్కి స్వీట్లు తెస్తారు. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ నాకు రానివాళ్ళు గుర్తొస్తారు. నీ ప్రశ్న నేనూ అడుక్కుంటూనే ఉన్నాను."

రత్నమాల ఆవిడ వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. ఇన్నేళ్ళుగా వీరేశు తన ఒక్కదాని ఇంట్లోనే తిరుగుతున్నాడనుకుంది.

కడుపులో బిడ్డ సంగతి డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. తల్లి రక్తం వేరు, బిడ్డ రక్తం వేరు, మధ్యలో మాయ అడ్డు ఉంటుంది, వీరేశుకి జరిగింది కడుపులో జరగదు. అయితే ఇంకో మాట. ఆ జబ్బు సగం పాలు రత్నమాలలో ఉంది, అది ఆమెనేమీ చెయ్యదు, కానీ భర్తలో కూడా ఉంటే కష్టం. "ముందు ఈయన రక్తం చూద్దాం." శివప్రసాద్ చొక్కా చెయ్యి మడిచి ఇచ్చాడు. ఫలితం వచ్చేదాకా అదే పాత బెంచీల దగ్గర కూర్చున్నారు. తలుపు అవతల ఎవరో పిల్లతో "ఊదు ఊదు ఊదు" అని తమిళంలో అరుస్తున్నారు. రత్నమాల లేచి వెళ్ళిపోతుందేమోనని శివప్రసాద్ చూశాడు. ఆమె వెళ్ళలేదు. ఆ పిల్ల ఊదడం అయిపోయేదాకా కూర్చుంది.

అతనిలో ఆ జబ్బు లేదు.

భయం అంతటితో పోయిందని చెబితే అబద్ధం. మరుసటేడు కొత్తపేటలోనే ఆడపిల్ల పుట్టింది, ఎర్రగా, గట్టిగా ఏడుస్తూ. నర్సు బిడ్డని పక్కలో పడుకోబెడితే రత్నమాల చేతులు దుప్పటి కిందే ఉండిపోయాయి. బుజ్జమ్మ అది చూసి, ఒక్కొక్క చెయ్యీ పైకి తీసి బిడ్డ చుట్టూ పెట్టింది. పెట్టి, తన చేతులతో పైనుంచి నొక్కి ఉంచింది, పిల్ల పాలు తాగడం పూర్తయ్యేదాకా. వారం రోజులు అలాగే జరిగింది. ఆ తరవాత నొక్కక్కర్లేకపోయింది.

రమణ మాత్రం ఆసుపత్రికి రాలేదు. కొడుకు పోయినప్పటినుంచీ ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. పురిటిస్నానం అయ్యాక ఒక మధ్యాహ్నం కొత్తపేట వచ్చాడు, సంచినిండా లేత కొబ్బరి బొండాలతో. ముసలివాడైపోయాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి మడతమంచం మీద వాలితే, రత్నమాలే బిడ్డని తీసుకెళ్ళి ఆయన గుండె మీద బోర్లా పడుకోబెట్టింది.

వంటింట్లో పని చూసుకుని ఆమె తిరిగొచ్చేసరికి బిడ్డ నిద్రపోతోంది. రమణ నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ, ఒక అరచెయ్యి బిడ్డ వీపు మీద పరిచి, తల కొంచెం పక్కకి వంచి, ఏదో దూరపు చప్పుడుకి చెవి ఒగ్గినట్టున్నాడు. వేళ్ళు బిడ్డ ఊపిరితో పాటు లేస్తున్నాయి, దిగుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ రత్నమాల ఆ మెడ వంపుని గుర్తుపట్టింది. అది తనదే. ఇన్నేళ్ళూ గోడకి ఆనించి తాను వంచిన మెడ.

"నీకూ వినబడతాదా నాన్నా?" అంది.

ఆయన కళ్ళు తెరవలేదు. "రోజూనమ్మా," అన్నాడు.

ఆమె వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. బయట రోడ్డు మీద రావులపాలెం బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. బిడ్డ ఉలిక్కిపడి, మూలిగి, మళ్ళీ సర్దుకుంది. శివప్రసాద్ భోజనానికి వచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.